‘బ్రేక్ దర్శనం’, ‘బ్రేక్ ఇన్‌స్పెక్టర్’: ఒకే మాటా?

సంపాదకులు గారికి,

నమస్కారం. మీ భాషా పేజీలో ఒకేలా వినిపించే ఇంగ్లీషు మాటల్ని జంటలుగా ఇస్తున్నారు. పోటీ పరీక్షలకు చదివే పిల్లలు వాటిని కత్తిరించి నోటు పుస్తకాల్లో అంటించుకుంటున్నారు. అలా అంటించుకున్నదాంట్లో పొరపాటు ఉంటే పరీక్ష దాకా, ఆ తర్వాత ఉద్యోగం దాకా వెంట వస్తుంది. అందుకే ఈ ఉత్తరం. మాట స్పెల్లింగు ఇవ్వకుండా తెలుగు లిపిలో ఉచ్చారణ మాత్రం ఇస్తున్నారు. పక్కన నిఘంటువు అర్థాన్నీ, కుర్రకారు సరదాగా వాడే అర్థాన్నీ కామా పెట్టి ఒకే వరసలో రాస్తున్నారు. ఏ అర్థం ఏ మాటదో, ఎక్కడ చెల్లుతుందో, ఎక్కడ నవ్వులపాలు చేస్తుందో చదివేవాళ్లకు అంతుపట్టడం లేదు. వార్తల పేజీల్లోనూ ఇదే తంతు.

ముందుగా ‘స్లాంగ్’ అన్న మాట సంగతే చూడండి. సినిమా పేజీలో ‘తెలంగాణ స్లాంగ్‌లో డైలాగులు’, ‘చిత్తూరు స్లాంగ్ నేర్చుకున్న హీరోయిన్’ అని రాస్తుంటారు. అది యాస, ఇంకా సరిగ్గా చెప్పాలంటే మాండలికం. ఒక ప్రాంతంలో అవ్వ నుంచి మనవడి దాకా పుట్టుకతో మాట్లాడే భాష అది. దాన్ని స్లాంగ్ అంటే ఇంగ్లీషు తెలిసినవాడికి ‘చిల్లర భాష’ అన్నట్టు వినిపిస్తుంది. స్లాంగ్ ఒక జట్టు మాట. కాలేజీ పిల్లలు, సైనికులు, జూదరులు, జైలు ఖైదీలు, ఈమధ్య వీడియో గేములాడేవాళ్లు తమలో తాము వాడుకుని, పాతబడగానే పారేసే మాటలవి. మనకూ ఉన్నాయి. ‘తోపు’ అంటే నిఘంటువులో తోట, మామిడితోపు. ‘వాడు తోపు’ అంటే మొనగాడు. ‘కేక’ అంటే అరుపు, ‘సినిమా కేక’ అంటే అదిరిపోయింది. తెలుగు నేర్చుకుంటున్న పరాయివాడికి ‘తోపు: తోట, మొనగాడు’ అని ఒకే వరసలో చెప్తే ఏమవుతుందో, మీ జంటల పట్టికతో మన పిల్లలకు అదే అవుతోంది.

ఇక ‘బ్రేక్’. తిరుమలలో బ్రేక్ దర్శనం ఉంది. బండ్లు తనిఖీ చేసే మోటారు వెహికల్ ఇన్‌స్పెక్టర్‌ని జనం బ్రేక్ ఇన్‌స్పెక్టర్ అంటారు. చెవికి రెండూ ఒకటే, ఇంగ్లీషువాడి చెవికి కూడా ఒకటే. తేడా అంతా స్పెల్లింగులో ఉంది. దర్శనానిది బి-ఆర్-ఇ-ఎ-కె, అంటే మామూలు వరసను కాసేపు ఆపి మధ్యలో ఇచ్చే విరామం. ఇన్‌స్పెక్టరుది బి-ఆర్-ఎ-కె-ఇ, అంటే చక్రాన్ని ఆపే పరికరం. పక్కన ఇంకో మాట ఉన్నంతవరకు మనకు ఇబ్బంది రాదు. ఇబ్బందంతా శీర్షికల్లో వస్తుంది. ‘యువ దర్శకుడికి బ్రేక్’ అని పెడితే అవకాశం వచ్చిందా, సినిమా ఆగిపోయిందా? తెలుగులో క్రియను బట్టి ఇది ఇట్టే తేలుతుంది. బ్రేకు పడితే అది బండి బ్రేకు. బ్రేక్ ఇస్తే విరామం. బ్రేక్ వస్తే అదృష్టం కలిసొచ్చిన అవకాశం. బ్రేక్ చేస్తే బద్దలు కొట్టడం, ముఖ్యంగా రికార్డు. చోటు చాలక శీర్షికలో క్రియను కోసేస్తారు, దాంతో అర్థం కూడా తెగిపోతుంది. సినిమా వసూళ్లలో ‘బ్రేక్ ఈవెన్’ అనేది ఇంకొకటి: పెట్టుబడి సరిగ్గా తిరిగొచ్చింది, లాభమూ లేదు, నష్టమూ లేదు. దీన్ని ‘హిట్’ అని అనువదించకూడదు.

ఇవన్నీ నిఘంటువు అర్థాలే. వీధి అర్థం ఇదే మాట భూతకాల రూపం దగ్గర మొదలవుతుంది. ‘ఐయామ్ బ్రోక్’ అంటే నేను విరిగిపోయానని కాదు, జేబులో పైసా లేదని. ‘గో ఫర్ బ్రోక్’ అంటే ఉన్నదంతా ఒడ్డెయ్యడం. హవాయి జూదరుల నోట పుట్టిన ఈ మాట రెండో ప్రపంచ యుద్ధంలో జపాన్ సంతతి అమెరికన్లతో కూడిన 442వ రెజిమెంటుకు నినాదమైంది. నాటకాలవాళ్లు ‘బ్రేక్ ఎ లెగ్’ అంటే శుభాకాంక్షలు. కాలు విరగ్గొట్టుకోమని అనువదించినా తప్పే, స్పెల్లింగు మార్చి బండి బ్రేకు చేసినా తప్పే.

‘పాన్’ ఇంకా రుచిగా ఉంటుంది. ఏ ఊళ్లోనైనా బజారు వీధిలో నిలబడి చూడండి. మూలమీద పాన్ షాపు. దాని పక్కన నగలు కుదువ పెట్టుకునే పాన్ బ్రోకర్. ఎదురుగా పాన్ కార్డు దరఖాస్తులు నింపే జిరాక్సు సెంటరు. గోడమీద పాన్ ఇండియా సినిమా పోస్టరు. మొదటిది తమలపాకు, హిందీ నుంచి దిగింది. బ్రోకర్‌ది పి-ఎ-డబ్ల్యు-ఎన్, అంటే తాకట్టు. పెదవులు గుండ్రంగా చేసి ‘పాన్’కీ ‘పోన్’కీ నడుమ పలకాలి. కార్డుది పర్మనెంట్ అకౌంట్ నంబర్ పొడి అక్షరాలు, పలకాల్సింది ‘ప్యాన్’ అని. ఐదు అక్షరాలు, నాలుగు అంకెలు, చివర ఒక అక్షరం, మొత్తం 10. పోస్టరుమీది పాన్ ‘అంతటా’ అని అర్థమిచ్చే గ్రీకు ముక్క. ఇదీ ప్యానే. వంటింట్లో ఆమ్లెట్ వేసే ప్యాన్‌తో కలిపితే ఐదు.

ఇప్పుడు ఇంగ్లీషు సమీక్షలో ‘ది ఫిల్మ్ వాజ్ ప్యాన్డ్’ అని వచ్చిందనుకోండి. పాన్ ఇండియా స్థాయిలో విడుదలైందని కాదు, విమర్శకులు ఉతికి ఆరేశారని. ‘ఇట్ డిడ్ నాట్ ప్యాన్ ఔట్’ అంటే అనుకున్నట్టు ఫలించలేదని. ఏటి ఇసుకను పళ్లెంలో పోసి నీళ్లతో కడిగి బంగారం రేణువులు ఏరేవాళ్ల వాడుక అది. పళ్లెంలో ఏమీ మిగలకపోతే ప్యాన్ ఔట్ కాలేదన్నమాట. చదరంగంలో బంటును కూడా పి-ఎ-డబ్ల్యు-ఎన్ అనే రాస్తారు. తాకట్టుకీ బంటుకీ చుట్టరికం లేదు. బంటు లాటిన్‌లో కాలిబంటు అనే మాట నుంచి, తాకట్టు పాత ఫ్రెంచి నుంచి వచ్చాయి. మరో జాగ్రత్త. దక్షిణ ఇంగ్లండులో ఈ మాటా, అశ్లీల చిత్రాలకు వాడే పొట్టి మాటా అచ్చం ఒకేలా వినిపిస్తాయి, ఎందుకంటే అక్కడ అచ్చు తర్వాత వచ్చే ‘ర్’ పలకరు. అమెరికాలో ‘ర్’ గట్టిగా పలుకుతారు కాబట్టి తేడా తెలుస్తుంది. లండన్‌లో చదువుకునే కుర్రాడు తాకట్టు దుకాణం గురించి అడగాలనుకుంటే ‘పాన్ బ్రోకర్’ అని పూర్తిగా అనడం మేలు.

ఫోన్ నెమ్మదిస్తే ‘క్లియర్ క్యాష్’ నొక్కమని మీ సాంకేతిక పేజీలో రాశారు. తెలుగులో అలా చదివిన పెద్దాయన బ్యాంకు యాప్‌లో ఆ మీట కనిపిస్తే గుండె పట్టుకోడా? ఇది సి-ఎ-ఎస్-హెచ్ కాదు, సి-ఎ-సి-హెచ్-ఇ. ఫ్రెంచిలో ‘దాచు’ అన్న క్రియ నుంచి వచ్చింది. పోలీసు వార్తల్లో ‘ఆయుధాల డంప్’ అంటున్నది ఇంగ్లీషులో ఇదే మాట. ఫోన్‌లో దాని అర్థం, యాప్ త్వరగా తెరుచుకోవడానికి దాచిపెట్టుకున్న తాత్కాలిక నకళ్లు. తుడిచేస్తే డబ్బూ పోదు, ఫొటోలూ పోవు, మొదటిసారి తెరిచినప్పుడు కాస్త ఆలస్యమవుతుంది, అంతే. దాని పక్కనే ఉండే ‘క్లియర్ డేటా’ లేదా ‘క్లియర్ స్టోరేజ్’ నొక్కితే మాత్రం లాగిన్లు, సెట్టింగులు ఎగిరిపోతాయి. ఈ రెండు మీటల తేడా చెప్పాల్సిన చోట మీ వ్యాసం ‘క్యాష్’ దగ్గరే ఆగిపోయింది. చివర ఒక ‘టి’ చేరిస్తే ‘క్యాషే’ అవుతుంది, దానర్థం గౌరవం, హోదా. ఆ ‘టి’ని పలకరు.

డబ్బు క్యాష్‌లోనూ రెండున్నాయి. పెద్ద నిఘంటువు తెరిస్తే ఒకే స్పెల్లింగుతో క్యాష్ 1, క్యాష్ 2 అని వేర్వేరు పద్దులుంటాయి. మొదటిది డబ్బు పెట్టె అనే ఇటాలియన్, ఫ్రెంచి మాట. రెండోది మన దక్షిణాది కాసు! తమిళం కాసును పోర్చుగీసువాళ్లు తమ నోటికి తిప్పుకున్నారు, ఇంగ్లీషువాళ్లు దాన్ని తమ క్యాష్‌తో కలిపేశారు. ఈస్టిండియా కంపెనీ మద్రాసు లెక్కల్లో 80 కాసులు ఒక ఫణం, 42 ఫణాలు ఒక స్టార్ పగోడా అనే బంగారు నాణెం. అంటే పగోడాకు 3,360 కాసులు. పాత రికార్డుల్లో ‘20 క్యాష్’ అని కనబడితే నగదు అని అనువదించకండి, అది ఇరవై కాసుల చిల్లర. మాట పక్కన చిన్న అంకె ఉందంటే అది మరో మాట, మరో వంశం అన్న ఈ కిటుకు తెలిస్తే నిఘంటువు సగం లొంగినట్టే.

మత్తుమందుల వార్తల్లో ‘హష్ ఆయిల్ పట్టివేత’ అని చాలాసార్లు చూస్తుంటాం. గంజాయి నుంచి తీసే ఆ నూనె పేరు ‘హ్యాష్ ఆయిల్’, హషీష్‌కు పొట్టి రూపం. ‘హష్’ అంటే నోరు మూసుకో, నిశ్శబ్దం. 2024 మే 30న న్యూయార్క్ జ్యూరీ 34 అభియోగాల్లో ట్రంప్‌ను దోషిగా తేల్చిన కేసును ‘హష్ మనీ కేసు’ అని రాశారు. అది సరైన వాడకమే. నోరు మెదపకుండా ఉండటానికి ఇచ్చిన సొమ్ము కాబట్టి. మొదటి పేజీలో హష్ మనీ, జిల్లా పేజీలో హష్ ఆయిల్ పడితే పాఠకుడు రెంటికీ ఏదో సంబంధం ఉందనుకోడా? హోటల్ మెనూలోని ‘హ్యాష్ బ్రౌన్స్’ మళ్లీ వేరు. ముక్కలు చేయడం అనే ఫ్రెంచి క్రియ నుంచి వచ్చిన హ్యాష్ అది, తురిమి వేయించిన బంగాళాదుంప. అందులో మత్తేమీ లేదు.

ఇదే విషయంలో మన లిపిని మెచ్చుకోవాల్సిన చోటు కూడా ఉంది. ఇంగ్లీషులో సినిమా నాయికా, మత్తుమందూ ఒకేలా పలుకుతారు, స్పెల్లింగులో చివరి ‘ఇ’ ఒక్కటే తేడా. 1898లో జర్మనీ కంపెనీ బేయర్ మార్కెట్లోకి తెచ్చిన మందు పేరది. తెలుగు విలేకరులు ఎవరూ చెప్పకుండానే ‘హీరోయిన్’, ‘హెరాయిన్’ అని రెండుగా విడదీసుకున్నారు. హష్, హ్యాష్ విషయంలో కూడా అదే చేయొచ్చు కదా.

స్లాంగ్ ఒక్కోసారి పోలీసు స్టేషను మెట్లెక్కి అధికారిక పదమైపోతుంది. ‘మ్యూల్’ అలాంటిది. నిఘంటువులో మగ గాడిదకూ ఆడ గుర్రానికీ పుట్టిన కంచరగాడిద. మడమ దగ్గర పట్టీ లేని చెప్పునూ మ్యూల్ అంటారు. అదే ధ్వనితో స్పెల్లింగు మారితే పిల్లికూనలా సన్నగా ఏడవడం. దొంగల భాషలో మ్యూల్ అంటే ఎవరి సరుకో మోసుకెళ్లే మనిషి. కమీషన్ ఆశతో తన బ్యాంకు ఖాతాను సైబర్ మోసగాళ్లకు అద్దెకిచ్చేవాడు ‘మనీ మ్యూల్’. రిజర్వు బ్యాంకు ఇలాంటి ఖాతాల్ని పట్టడానికి ‘మ్యూల్ హంటర్’ అనే సాధనాన్ని 2024 డిసెంబరులో ప్రకటించింది. ‘మ్యూల్ ఖాతా’ అని వదిలేయకుండా ‘అద్దె ఖాతా’ అని పక్కన ఒక్క మాట రాస్తే, అలా ఖాతా ఇచ్చేసిన పల్లెటూరి కుర్రాడికి తాను చేసింది నేరమని వెంటనే వెలుగుతుంది.

డబ్బుకు ఇంగ్లీషు వీధిలో పిండి, రొట్టె అని పేర్లు. పిండిముద్ద ‘డో’. అదే ధ్వనితో ఆడజింక ‘డో’, స్పెల్లింగు డి-ఓ-ఇ. సినిమా పైరసీ వార్తల్లో వచ్చే ‘జాన్ డో ఆర్డర్’ ఈ రెండోది. ఎవరో తెలియని నిందితులకు కోర్టు పెట్టుకున్న ఉత్తుత్తి పేరు. మన దేశంలో దీన్నే ‘అశోక్ కుమార్ ఆర్డర్’ అని కూడా అంటారు. జాన్ డో అనే అమెరికన్‌పై కేసు అని రాయకుండా ఉంటే చాలు.

టన్ను గురించి మార్కెట్ పేజీవాళ్లకు ఒక మాట. ‘టన్’ అని వినబడేవి కనీసం నాలుగు. మెట్రిక్ టన్ను 1,000 కిలోలు. బ్రిటిష్ పాత టన్ను 2,240 పౌండ్లు, అంటే సుమారు 1,016 కిలోలు. అమెరికా షార్ట్ టన్ను 2,000 పౌండ్లు, సుమారు 907 కిలోలు. టి-యు-ఎన్ అని రాస్తే పెద్ద సారాయి పీపా. అమెరికా పంచదార లెక్కలు షార్ట్ టన్నుల్లో ఉంటాయి. 10 లక్షల షార్ట్ టన్నుల్ని అలాగే దించేస్తే తొంభై మూడు వేల టన్నుల దాకా లేని పంచదార పుట్టుకొస్తుంది. ఇక బ్రిటిష్ వీధిలో టన్ అంటే 100: వంద పౌండ్లు, గంటకు వంద మైళ్లు, క్రికెట్‌లో సెంచరీ. ‘హి హిట్ ఎ టన్’ అంటే శతకం. ‘టన్స్ ఆఫ్ వర్క్’ అంటే బోలెడు పని, అక్కడ తూకం లేదు.

ఒకే మాట రెండు ఊళ్లలో ఎదురెదురు అర్థాలిస్తే? ‘పీక్’ చూడండి. శిఖరం పి-ఇ-ఎ-కె. తొంగిచూడటం పి-ఇ-ఇ-కె. రోషం, లేదా ఆసక్తి రేపడం పి-ఐ-క్యూ-యు-ఇ. సినిమా టీజరుకు వాడే ‘స్నీక్ పీక్’ రెండోది, మొదటిది కాదు. ఇంగ్లీషువాళ్లే దీన్ని తరచూ తప్పు రాస్తారు. మన కుర్రకారు ‘కామెడీ పీక్స్’ అంటే అదిరిందని. ఇంటర్నెట్ ఇంగ్లీషులోనూ పీక్ అంటే అత్యుత్తమం. లండన్ కుర్రాళ్ల నోట మాత్రం ‘దట్స్ పీక్’ అంటే ఖర్మ, దరిద్రం, అయ్యో పాపం! హైదరాబాద్ నుంచి వెళ్లిన విద్యార్థి తన స్నేహితుడి వంటను అక్కడ ‘పీక్’ అని పొగిడితే ఏం జరుగుతుందో ఊహించుకోండి. పట్టికలో ‘పీక్: శిఖరం, అద్భుతం’ అని రాసి ఊరుకుంటే ఈ ప్రమాదం తెలియదు.

‘క్యాప్’ ఇంకొకటి. టోపీ, జాతీయ జట్టుకు ఆడిన మ్యాచ్, గరిష్ఠ పరిమితి. అమెరికా హెచ్-1బి వీసాలకు ఏడాదికి 65,000, అక్కడి మాస్టర్స్ చదివినవాళ్లకు అదనంగా 20,000 అన్నది ఈ మూడో క్యాప్. కుర్రాళ్ల ‘నో క్యాప్’ మాత్రం నల్లజాతి అమెరికన్ల వాడుక నుంచి వచ్చింది. క్యాప్ అంటే కోత, గొప్పలు. నో క్యాప్ అంటే నిజంగా, ఒట్టు. ‘వీసాలకు నో క్యాప్’ అని ఎవరైనా శీర్షిక పెడితే పరిమితి ఎత్తేశారని అర్థం వస్తుంది, కన్సల్టెన్సీల ముందు జనం బారులు తీరతారు. ‘క్యాప్’ను ‘కాప్’ అని రాస్తే పోలీసు అవుతాడు. ఏటా జరిగే వాతావరణ సదస్సు కూడా ‘కాప్’ అనే వస్తోంది.

పొగడ్తలకు వాడే స్లాంగును తెలుగులోకి తెచ్చేటప్పుడు మన స్లాంగే అందుతుంది. ‘షి ఏట్’ అంటే ఆమె తినేసింది అని రాయకండి, ఇరగదీసింది అనండి. అమెరికాలో ఇది ఎనిమిది అన్న మాటతో ఒకేలా వినిపిస్తుంది. బ్రిటన్‌లో చాలామంది దీన్ని ‘ఎట్’ అంటారు. ‘దట్స్ సిక్’ అంటే జబ్బు కాదు, కేక. కానీ వ్యాసాల్లో చదరపు బ్రాకెట్లలో కనిపించే ‘సిక్’ స్పెల్లింగులో ‘కె’ ఉండదు. లాటిన్‌లో దానర్థం ‘ఇలాగే’. అసలు రాసినవాడి తప్పును మేం దిద్దలేదు, ఉన్నదున్నట్టు ఇచ్చాం అని సంపాదకుడి సైగ. దాన్ని ‘రోగి’ చేసిన అనువాదాలున్నాయి!

లండన్ ఈస్టెండ్‌లో ధ్వని సామ్యాన్నే ఆటగా మార్చారు. అక్కడ మెట్లను ‘ఆపిల్స్ అండ్ పేర్స్’ అంటారు, ఎందుకంటే ‘స్టేర్స్’కు ప్రాస కుదిరింది. ఆ తర్వాత ప్రాస ఉన్న సగాన్నే కోసేస్తారు. ‘బుచర్స్ హుక్’ అంటే ‘లుక్’. హుక్ పోయి ‘హ్యావ్ ఎ బుచర్స్’ మిగిలింది, అంటే ఓసారి చూడు. మాంసం కొట్టుకీ దానికీ సంబంధం లేదు. ‘పోర్కీస్’ అంటే పంది మాంసం కాదు, అబద్ధాలు (‘పోర్కీ పైస్’, ‘లైస్’). 1859లో హాటెన్ అచ్చువేసిన లండన్ స్లాంగ్ నిఘంటువులోనే ఈ పద్ధతి వివరణ ఉంది. ఇవి నేర్చుకుని వాడమని కాదు, వింటే అర్థం చేసుకుంటే చాలు. నల్గొండ కుర్రాడు ఆ ఈస్టెండ్ యాస, కాక్నీ మాట్లాడితే కాక్నీవాడికే నవ్వొస్తుంది.

కొన్ని పోలికలు ఉద్యోగాలకే ముప్పు తెస్తాయి. 1999 జనవరిలో అమెరికా రాజధాని వాషింగ్టన్ మేయర్ సహాయకుడొకరు బడ్జెట్ మాట్లాడుతూ, ఈ నిధి విషయంలో పిసినారిగా ఉండాల్సి వస్తుందన్న అర్థంలో ‘నిగ్గర్డ్‌లీ’ అన్నారు. అది స్కాండినేవియా మూలం నుంచి వచ్చిన పాత మాట, నల్లజాతివాళ్లను దూషించే మాటతో దానికి ఏ చుట్టరికమూ లేదు. కానీ విన్నప్పుడు పోలిక కొట్టొచ్చినట్టు ఉంటుంది. గొడవై ఆయన రాజీనామా చేశారు. తర్వాత మేయర్ ఆయన్ను మళ్లీ పనిలోకి పిలిచారు. నిఘంటువు ఆయన పక్షానే ఉన్నా చెవి ఆయన పక్షాన లేదు. అలాంటి మాటకు బదులు ‘స్టింజీ’ అంటే ఏ తంటా ఉండదు. దీనికి తలకిందులు ‘జిప్’. ప్యాంటు జిప్ జెడ్‌తో మొదలవుతుంది. జి-వై-పితో రాస్తే మోసగించడం, జిప్సీ జాతి పేరు నుంచి పుట్టిన అవమానకరమైన మాట. తెలుగు లిపిలో రెండూ ‘జిప్’ కావడం వల్ల రెండోది హాయిగా దొర్లిపోతుంది.

నోటి విషయానికొస్తే మనవాళ్లకు తడబాటు నాలుగైదు చోట్లే. ‘వ’ ఒకటి. ‘వి’ పలికేటప్పుడు పైపళ్లు కింది పెదవిని తాకాలి. ‘డబ్ల్యు’కి పళ్లు ఎక్కడా తగలకూడదు, రెండు పెదవులూ సున్నాలా చుట్టాలి. లేకపోతే వైన్ అంటే ద్రాక్షసారాయో, ద్రాక్షతీగో తెలియదు. ‘వెస్ట్’ అంటే పడమరో, బనియనో తేలదు. ఆ బనియన్ కూడా బ్రిటన్‌లోనే, అమెరికాలో అదే మాట కోటు కింద వేసుకునే చేతుల్లేని జాకెట్టు. రెండోది చివరి ‘స్’, ‘జ్’. ధర ‘ప్రైస్’, బహుమతి ‘ప్రైజ్’. చివరి ‘జ్’ మనకు సరిగ్గా పలకకపోయినా పర్వాలేదు, ముందున్న ‘ఐ’ని కాస్త సాగదీస్తే విన్నవాళ్లు బహుమతి అనే పట్టుకుంటారు. ‘స్’ ముందు అచ్చు పొట్టిగా కోసేయాలి. ‘లూస్’, ‘లూజ్’లకూ ఇంతే. ‘ఓ’ రెండుంటే లూస్, వదులు. ఒక్కటుంటే లూజ్, పోగొట్టుకోవడం. తెలుగులో రెంటినీ ‘లూజ్’ అని రాయడం మానాలి. ‘లూజ్ మోషన్స్’ అన్నది మన దేశపు ఇంగ్లీషు. అమెరికాలో డాక్టరుతో ‘డయేరియా’ అనాలి. ‘హి లాస్ట్ ఇట్’ అంటే వస్తువేదో పోయిందని కాదు, వాడికి ఒళ్లుమండి తిక్క రేగిందని.

ఇ, ఈ మనకు పుట్టుకతో వచ్చిన తేడా కాబట్టి ‘షిప్’, ‘షీప్’ సులువే అనుకుంటాం. అక్కడా ఒక మెలిక ఉంది. ‘ట్’, ‘ప్’, ‘క్’ల ముందు ఇంగ్లీషువాళ్లు ‘ఈ’ని కూడా కురచ చేస్తారు. వాళ్లు తేడా పట్టుకునేది నిడివితో కంటే నాలుక ఎత్తుతో. ‘ఈ’కి నాలుక ముందుకొచ్చి పైకి లేస్తుంది, పెదవులు నవ్వినట్టు సాగుతాయి. ‘ఇ’కి నాలుక కొంచెం కిందికి, వెనక్కి జారుతుంది, మూతి వదులుగా ఉంటుంది. దుప్పటి, సముద్రతీరం అనే రెండు మాటల్లో ఈ తేడా తప్పితే బూతులవుతాయి. ఈ సంగతి పిల్లలకు సిగ్గుపడకుండా చెప్పాలి. ఇక అమెరికావాళ్లు రెండు అచ్చుల మధ్య ‘ట’ను దాదాపు ‘డ’లా పలుకుతారు. దాంతో లోహం, పతకం అక్కడ ఒకేలా వినిపిస్తాయి. విన్నదాన్నిబట్టి స్పెల్లింగు ఊహిస్తే దొరికిపోతాం.

నిఘంటువు చూసే పద్ధతి కూడా మీ పేజీలో ఒక్కసారైనా నేర్పాలి. అర్థం చదివే ముందు దానికి ముందున్న వాలు అక్షరాల ముక్క చదవాలి. ‘ఇన్‌ఫార్మల్’ అని ఉంటే స్నేహితుడికి రాయొచ్చు, ఉద్యోగ దరఖాస్తులో వద్దు. ‘స్లాంగ్’ అని ఉంటే ఆ జట్టులో ఉన్నవాళ్లకే. ‘డేటెడ్’ అంటే మాట ముసలిదైపోయింది. ‘అఫెన్సివ్’, ‘డెరొగేటరీ’ అని ఉంటే చదివి వదిలేయాలి. దాని పక్కన బ్రిటిష్, నార్త్ అమెరికన్ అని దేశం ఉంటుంది. అర్థాల వరస కూడా అన్ని నిఘంటువుల్లో ఒకటి కాదు. ఆక్స్‌ఫర్డ్ పెద్ద నిఘంటువూ, అమెరికాలో మెరియమ్ వెబ్‌స్టర్ కాలేజియేటూ పాత అర్థంతో మొదలుపెడతాయి. విద్యార్థుల నిఘంటువులు ఎక్కువ వాడే అర్థాన్ని ముందు పెడతాయి. మొదటి అర్థం దింపుకుని పుస్తకం మూసేసే అలవాటు ఇక్కడే దెబ్బతీస్తుంది. మన బజారులో దొరికే ఇంగ్లీషు-తెలుగు చిన్న నిఘంటువుల్లో ఈ ముక్కలేవీ ఉండవు. 1999లో మొదలైన అర్బన్ డిక్షనరీలో స్లాంగ్ కుప్పలు తెప్పలుగా ఉంటుంది కానీ, అందులో రాసేదీ, ఓటేసేదీ ఎవరైనా కావచ్చు. వెతకడానికి పనికొస్తుంది, పరీక్ష రాయడానికి పనికిరాదు.

మేము కోరేది పెద్ద మార్పేమీ కాదు. జంటలు తగ్గించండి, వారానికి మూడు చాలు. ఒక్కోదానికి రోమన్ లిపిలో స్పెల్లింగు వేయండి. అర్థాల ముందు ‘నిఘంటువు’, ‘వాడుక’, ‘వీధి’, ‘అవమానం’ అని నాలుగు తెలుగు గుర్తులు పెట్టుకోండి, దేశం పేరు చేర్చండి. పీక్ అయితే ఇలా వస్తుంది: (నిఘంటువు) శిఖరం; (వీధి, ఇంటర్నెట్) అత్యుత్తమం; (వీధి, లండన్) ఖర్మ. మూడు ముక్కల్లో పని అయిపోయింది. వీధి అర్థాలకు అది ఏ ఏడాది అచ్చయిందో కూడా పేజీలో ఉంచండి, నాలుగేళ్లకే అవి మారిపోతాయి కాబట్టి. శీర్షికలో ‘బ్రేక్’ వాడితే వెనకాల క్రియను ఉంచమని డెస్కుకు చెప్పండి. హష్ ఆయిల్‌ను హ్యాష్ ఆయిల్‌గా మార్చడానికైతే ఏ సమావేశమూ అక్కర్లేదు, రేపటి జిల్లా పేజీ నుంచే కానివ్వొచ్చు.

ఇట్లు,
ఇంగ్లీషు పాఠాలు చెప్పే ఇద్దరు ఉపాధ్యాయులు,
గుంటూరు